సిట్రా ఎందుకు పోయింది, లిమ్కా ఎందుకు మిగిలింది?

తమ్ముడు అడిగినవి మూడు సంగతులు. చిన్నప్పుడు తాగిన సిట్రా కూల్‌డ్రింకు ఏమైపోయింది? సిట్రాను తీసేసినవాళ్లు లిమ్కాను ఎందుకు ఉంచారు? అసలు లిమ్కా, సెవెన్ అప్, స్ప్రైట్ అన్నీ నిమ్మకాయ డ్రింకులే కదా, తేడా ఏముంది? ఆ ప్రశ్న కింద ఇప్పటికే ఇద్దరు "అన్నీ ఒకటే, సీసా మీద పేరే వేరు" అని రాసేశారు. కాదు. ఆ మాట అన్నవాళ్లెవరూ అంగట్లో కూర్చుని ఈ సీసాలు అమ్మినవాళ్లు కాదని చెప్పగలను.

నాది కడప. మా నాయనకు గోలీసోడా అంగడి ఉండేది, నేను 1988 నుంచి 2016 దాకా కూల్‌డ్రింకుల ఏజెన్సీ నడిపాను. ఇరవై ఎనిమిది ఎండాకాలాలు. మే నెలలో మా ఊళ్లో 43, 44 డిగ్రీలు కాస్తుంటే, పెద్ద దర్గా ఉరుసుకో పెళ్లిళ్లకో లోడు ఎప్పుడొస్తుందా అని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నవాణ్ణి. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ముందు ఒక పని చేయండి. రెండు గాజు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో లిమ్కా, ఇంకోదాంట్లో స్ప్రైట్ పోసి, వాటి వెనక పేపరు పట్టుకోండి. స్ప్రైట్‌లోంచి అక్షరాలు చదవొచ్చు, లిమ్కాలోంచి చదవలేరు. బియ్యం కడిగిన నీళ్లలా మసగ్గా ఉంటుంది. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఆ మసకలోనే ఉంది.

ఇంకొక చిన్న తికమక కూడా తీర్చేస్తాను. ఈ డ్రింకులను ఇంగ్లీషులో లెమన్-లైమ్ అంటారు, మనకేమో రెండూ నిమ్మే. మనం సోడాలో పిండుకునే చిన్న, పలుచని తోలు కాయ లైమ్. లెమన్ అంటే కోడిగుడ్డు కంటే పెద్దగా, పసుప్పచ్చగా, మందం తోలుతో, కొసన మొన తేలి ఉండే కాయ. మన సంతలో దాన్ని ఎవరూ అమ్మరు, అందుకే మనకు దానికి వేరే పేరు అవసరం పడలేదు. ఈ రెండింటి తోలులో ఉండే నూనెల వాసనే ఈ డ్రింకులన్నిటికీ ప్రాణం. రసం కాదు, తోలు నూనె. లిమ్కా సీసా మీద 'ఇందులో పండు లేదు' అని ఇంగ్లీషులో రాసి ఉండటం చూసి మోసం అని అరిచేవాళ్లు చాలామంది, అది మోసం కాదు, మన చట్టం ప్రకారం రాయాల్సిన మాట.

ఇక వరస చూద్దాం. వయసులో అందరికంటే పెద్దది సెవెన్ అప్. అమెరికాలో మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్‌లో చార్లెస్ లైపర్ గ్రిగ్ అని ఒకాయన ఉండేవాడు. మొదట వేరేవాళ్ల కంపెనీకి విజిల్ అనే ఆరెంజ్ డ్రింకు చేసి పెట్టాడు, వాళ్లతో చెడి బయటికొచ్చి హౌడీ అని సొంతంగా ఇంకో ఆరెంజ్ డ్రింకు పెట్టాడు. ఆరెంజ్‌లో పోటీ తట్టుకోవడం కష్టమై నిమ్మ వైపు తిరిగాడు. 1929 అక్టోబరులో బయటపెట్టాడు, రెండు వారాలకు అమెరికా షేర్ మార్కెట్ కూలిపోయింది. ముహూర్తం చూడండి ఎట్లా కుదిరిందో! పైగా ఆయన దానికి పెట్టిన పేరు 'బిబ్ లేబుల్ లిథియేటెడ్ లెమన్ లైమ్ సోడా'. మా సేల్స్ కుర్రాళ్లకు ఆ పేరు ఇచ్చి అమ్మమంటే మధ్యాహ్నానికి రాజీనామా ఇచ్చేవాళ్లు.

ఆ పేరులో లిథియేటెడ్ అన్నది ఉత్త మాట కాదు. అందులో నిజంగానే లిథియం సిట్రేట్ కలిపేవాళ్లు. మనసు బాగోలేనివాళ్లకు ఇప్పుడు డాక్టర్లు రక్తపరీక్షలు చేయిస్తూ జాగ్రత్తగా ఇచ్చే లిథియం ఉందే, అదే. 1948లో అమెరికా ప్రభుత్వం డ్రింకుల్లో లిథియం వద్దంది, తీసేశారు. తమాషా ఏంటంటే, ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు రాసింది ఆ మరుసటి ఏడాది, 1949లో.

పేరు మాత్రం అంతకుముందే పొట్టిదైంది, 1936లో కంపెనీ పేరు కూడా సెవెన్ అప్ అని మార్చుకున్నారు. ఆ ఏడు ఎక్కడిదంటే ఏడు దినుసులని ఒకరు, ఏడు ఔన్సుల సీసా అని ఒకరు, లిథియం పరమాణు భారం దాదాపు 7 కాబట్టి అని ఒకరు చెబుతారు, ఏదీ తేలలేదు. మా ఊరికి ఈ డ్రింకు కొత్తగా వచ్చినప్పుడు ఏడురోడ్ల సర్కిల్ దగ్గర ఆటోవాళ్లు "ఏడురోడ్ల డ్రింకు రెండియ్యన్నా" అనేవాళ్లు, మా అందరికీ ఆ వివరణ చాలింది.

స్ప్రైట్ దీనికి పోటీగా పుట్టింది. 1959లో పశ్చిమ జర్మనీలో కోకాకోలా వాళ్లు 'ఫాంటా క్లారె జిట్రోనె' అని ఒకటి తెచ్చారు. జర్మన్‌లో క్లారె అంటే తేటది, జిట్రోనె అంటే నిమ్మ. చూశారా, పుట్టినప్పుడే పేరులో 'తేట' అని చెప్పుకుంది. దాన్నే 1961లో అమెరికాలో స్ప్రైట్ పేరుతో దించారు. అంటే సెవెన్ అప్, స్ప్రైట్ రెండూ తేట డ్రింకులు, ఒకే కుర్చీ కోసం కొట్లాడుకునే ఇద్దరు. సిట్రా కూడా ఈ జాతే. లిమ్కా కాదు.

లిమ్కా మనదే. రమేశ్ చౌహాన్ వాళ్ల పార్లే కంపెనీ 1971లో తెచ్చింది. అప్పటికి కోకాకోలా మన దేశంలోనే ఉంది. తర్వాత ఫెరా అనే విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం వచ్చి విదేశీ కంపెనీలు వాటా 40 శాతానికి తగ్గించుకోవాలని అన్నప్పుడు, 1977లో జనతా ప్రభుత్వంలో జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రిగా ఉండగా కోకాకోలా మూటాముల్లె సర్దుకుంది. ఆ ఖాళీలో థమ్సప్ పుట్టింది, ప్రభుత్వమే డబుల్ సెవెన్ అని ఒక కోలా చేయించింది, లిమ్కాకు రెక్కలొచ్చాయి.

మా నాయనకూ అప్పుడే రెక్కలొచ్చాయి. ఇది చెప్పకపోతే మసక సంగతి మీకు అర్థం కాదు, కాబట్టి చెబుతాను.

గోలీసోడా మెషిను చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. ఇనుప చట్రంలో సీసాలు బిగించి, గ్యాస్ వదిలి, చేత్తో గిరగిరా తిప్పాలి. తిప్పుతుంటే నీళ్లలోకి గ్యాస్ ఎక్కుతుంది. సీసా తలకిందులైనప్పుడు గోలీ జారి మెడలో రబ్బరు వాషరుకు పడుతుంది, లోపలి ఒత్తిడే దాన్ని అక్కడ పట్టి ఉంచుతుంది. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంట్ తీసుకున్న సీసా అది, వందేళ్ల తర్వాత కూడా కడపలో మా కడుపు నింపింది. అప్పుడప్పుడు పగిలేది కూడా. మా నాయన ఎడమచేతి బొటనవేలు దగ్గర మూడంగుళాల గాటు ఉండేది, అందుకే తిప్పేటప్పుడు చట్రం మీద తడి గోనెసంచి కప్పేవాడు.

1978 ఎండాకాలం. కోకాకోలా పోయింది కదా, మనమే ఒక రంగు నీళ్లు చేద్దాం అనుకుని ఆయన మద్రాసు నుంచి నిమ్మ ఎసెన్సు తెప్పించాడు. రాత్రి చక్కెర పాకంలో అది కలిపి, సీసాల్లో పోసి, సోడా కొట్టి పెట్టాడు. వాసన ఎంత బాగుందంటే పక్కింటివాళ్లు కూడా వచ్చి చూసిపోయారు. పొద్దున లేచి చూస్తే ప్రతి సీసా మెడలోనూ గోలీ కింద ఒక నూనె వలయం, పులుసు మీద నూనె తేలినట్టు. కింద నీళ్లలో ఏ వాసనా లేదు, పైన గుక్కెడు మాత్రం నోరు మండేంత ఘాటు. మొదటి సీసా తాగినాయన సబ్బునీళ్లు కలిపావా అని అడిగాడు. నాలుగు కేసులు కాలవలో పారబోశాం. మా నాయన మళ్లీ నిమ్మకాయ కోసి, ఉప్పేసి, సోడా కొట్టడానికే వచ్చేశాడు.

ఆయనకు తెలియనిదీ, నాకు పదేళ్ల తర్వాత తెలిసిందీ ఏంటంటే, నిమ్మ నూనె నీళ్లకంటే తేలిక. ఎంత చిలికినా చివరికి పైకే వస్తుంది. దీన్ని దాటడానికి రెండు దార్లున్నాయి.

ఒకటి తేట దారి. నూనెను ఆల్కహాలు, నీళ్లతో కడిగి, నీళ్లలో కరిగే వాసన భాగాన్ని మాత్రం తీసుకుని, కరగని జిడ్డు భాగాన్ని వదిలేయడం. అప్పుడు డ్రింకు గాజులా ఉంటుంది, రుచి పలుచగా, చురుగ్గా ఉంటుంది. సెవెన్ అప్, స్ప్రైట్, సిట్రా ఈ దారిలోవి.

రెండోది మసక దారి. నూనెను వదలకుండా, కంటికి కనపడనంత సన్నని బొట్లుగా చేసి నీళ్లలో నిలబెట్టడం. ఆ బొట్లు వెలుతురును చెదరగొడతాయి, అందుకే మసక. నిమ్మకాయ తోలు గిల్లినప్పుడు వచ్చే పచ్చి వాసన లిమ్కాలో తగిలి స్ప్రైట్‌లో తగలకపోవడానికి కారణం ఇదే. కానీ బొట్లు తేలకుండా నిలబడాలంటే నూనె బరువు పెంచాలి. దానికి పాతకాలపు ఉపాయం బ్రోమిన్ కలిపిన వంటనూనె, బీవీఓ అంటారు. బ్రోమిన్ చేరితే నూనె నీళ్లకంటే బరువవుతుంది. బరువు నూనె, తేలిక నిమ్మ నూనె తగుపాళ్లలో కలిపితే సరిగ్గా నీళ్లంత బరువుకు వస్తాయి. తేలవు, మునగవు.

"లిమ్కాలో విషం ఉందట" అని మీ పెద్దవాళ్లు అనగా విని ఉంటారు, ఆ మాట ఇక్కడిదే. ఆ బ్రోమిన్ ఒంట్లో పేరుకుంటుందని అనుమానం. బ్రిటన్ 1970లోనే ఆపేసింది. మన దగ్గర 80ల చివర్లో పత్రికల్లో పెద్ద గొడవై, 1990లో నిషేధించారు. మసక డ్రింకులన్నిటిదీ ఒకటే కథ అయినా జనం నోట్లో నలిగింది మాత్రం లిమ్కా, గోల్డ్ స్పాట్ అనే ఆరెంజ్ డ్రింకు పేర్లు. నేను కొత్తగా ఏజెన్సీ పెట్టుకున్న రోజులవి. వై.వీ. స్ట్రీట్‌లో ఒక అంగడాయన నేను దించిన కేసులు మళ్లీ రిక్షా ఎక్కించి "ఇదేదో తేలేదాకా నాకు థమ్సప్ మటుకే వెయ్యి" అన్నాడు. ఆ నెల నాకు రాత్రిళ్లు నిద్రపట్టలేదు, అంత టెన్షన్.

తర్వాత బీవీఓ స్థానంలో వేరేవి వచ్చాయి. లిమ్కా లేబుల్ మీద సన్నక్షరాల్లో 414, 445 అని అంకెలు చూడండి. 414 అంటే తుమ్మ జాతి చెట్టు బంక. 445 అంటే పైన్ జాతి చెట్ల జిగురు నుంచి చేసే ఎస్టర్ గమ్. మన జేజిలు సిరాలో వాడిన బంకకు చుట్టమే డ్రింకును నిలబెడుతోందన్నమాట. ఇంకొకటి, ఎప్పుడూ అమెరికావాళ్లను చూసి నేర్చుకోమనేవాళ్ల కోసం: అమెరికాలో బీవీఓకు అనుమతి రద్దు చేసింది 2024లో. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో థైరాయిడ్‌కు దెబ్బ అని తేలాక. ఈ ఒక్క విషయంలో మనం వాళ్లకంటే ముప్పై నాలుగేళ్లు ముందున్నాం.

సరే, సిట్రా. పార్లే వాళ్లే 80ల్లో దీన్ని తేట డ్రింకుగా తెచ్చారు, ఎందుకంటే అప్పుడు ఇక్కడ స్ప్రైట్ లేదు, సెవెన్ అప్ లేదు, ఆ కుర్చీ ఖాళీ. 1990లో పెప్సీ దిగింది. విదేశీ పేరు ఒక్కటే పెట్టకూడదన్న నిబంధన వల్ల మొదట్లో సీసాల మీద 'లెహర్ పెప్సీ', 'లెహర్ సెవెన్ అప్' అని ఉండేది, నా ఈడువాళ్లకు ఆ లెహర్ గుర్తుంటుంది. నిక్కబొడుచుకున్న జుట్టుతో ఫైడో డైడో అనే గీతల బొమ్మ కుర్రాడు టీవీలో కనిపించి కాలేజీ పిల్లలందరినీ ఆకుపచ్చ సీసా వైపు లాక్కెళ్లాడు. 1993లో కోకాకోలా మళ్లీ వచ్చింది. రావడమే పార్లే దగ్గర థమ్సప్, లిమ్కా, సిట్రా, గోల్డ్ స్పాట్, మాజా అన్నీ ఒక్కసారే కొనేసింది, 6 కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి. ఏజెన్సీలవాళ్లం ఒక వారం రోజులు వేరే మాట మాట్లాడుకోలేదు. ఎవరి బోర్డు ఎవరు దించాలి, ఎవరి ఎమ్టీలు (ఖాళీ సీసాలు) ఎవరికి ఇవ్వాలి, అదే గోల.

ఇప్పుడు మీ ప్రశ్న. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువాలు వేసి సీటు ఆపుతాం కదా. సిట్రా కోకాకోలా దృష్టిలో అట్లాంటి తువాలు. స్ప్రైట్ బస్సెక్కేదాకా ఆ సీటు ఆపి ఉంచింది. 1999లో స్ప్రైట్ ఎక్కింది, తువాలు తీసేశారు. ప్రపంచమంతా ఒకే ప్రకటన, ఒకే సీసా వేసుకునేవాళ్లకు ఒక్క ఇండియా కోసం ఇంకో తేట డ్రింకుకు ఖర్చు పెట్టాల్సిన పనేముంది? గోల్డ్ స్పాట్‌దీ అదే గతి, ఫాంటా కోసం లేపేశారు. సిట్రా రుచి బాగోలేక పోలేదు, స్ప్రైట్‌కు మరీ దగ్గరగా ఉండి పోయింది. నాకైతే స్ప్రైట్ కంటే సిట్రాలోనే తీపి తక్కువనిపించేది, కానీ పాతికేళ్ల నాటి నాలుకను నమ్మమని మిమ్మల్ని అడగను.

లిమ్కా సీటులో కూర్చోవడానికి కోకాకోలా దగ్గర వేరే ఎవరూ లేరు. మసక నిమ్మ డ్రింకు, తోలు వాసనతో, అంత పెద్ద అమ్మకంతో, ఇక్కడ వాళ్ల జాబితాలో దానికి జోడు లేదు. తీసేస్తే ఆ తాగేవాడు స్ప్రైట్‌కు రాడు, అంగట్లో నిమ్మకాయ సోడా కొట్టించుకుంటాడు. ఈ లెక్క పెప్సీకీ తెలుసు, అందుకే సెవెన్ అప్ చేతిలో ఉండి కూడా మిరిండా లెమన్ అని ఒక మసకది ప్రత్యేకంగా లిమ్కా మీదికి వదిలింది. కొన్నాళ్లు బాగానే ఆడింది. మా దగ్గర పదిమంది అడిగితే ఏడుగురు మాత్రం లిమ్కా అనే అడిగేవాళ్లు, వాళ్లలో సగంమంది ఏ నిమ్మ డ్రింకునైనా లిమ్కానే అనేవాళ్లు, అది వేరే తలనొప్పి.

ఇంకో తమాషా. మనకు సెవెన్ అప్ పెప్సీ వాళ్లది, అమెరికాలో కాదు. అక్కడ దాని యజమాని క్యూరిగ్ డాక్టర్ పెప్పర్, అమెరికా బయట హక్కులు మాత్రం పెప్సీవి. అందుకే అమెరికాలో పెప్సీకి సొంత నిమ్మ డ్రింకు వేరే కావాలి, సియెరా మిస్ట్ అని నడిపి 2023లో దాన్ని తీసేసి స్టారీ అని పెట్టారు. ఇక్కడ లిమ్కా అమ్మేసిన రమేశ్ చౌహాన్ బిస్లెరీ నీళ్లు మాత్రం ఉంచుకున్నాడు, చాలా ఏళ్లకు ఆ కంపెనీ నుంచే లిమోనాటా అని ఒక నిమ్మ డ్రింకు వచ్చింది. చేతికంటిన నిమ్మ వాసన అంత తేలిగ్గా పోదు మరి.

2003 పురుగుమందుల గొడవ గురించి కూడా ఎవరో అడిగారు. సీఎస్‌ఈ అనే ఢిల్లీ పర్యావరణ సంస్థ పన్నెండు రకాల డ్రింకులు పరీక్షించి అన్నిట్లోనూ పురుగుమందుల అవశేషాలున్నాయంది, ఈ నిమ్మవి కూడా ఉన్నాయి, పార్లమెంటు కమిటీ కూడా ఆ ఫలితాలు సరైనవేనంది. మా అమ్మకాలు పడిపోయాయి, మళ్లీ ఎండలొచ్చేసరికి లేచాయి. 200 మిల్లీలీటర్ల సీసా ఐదు రూపాయలకు వచ్చిన కాలం అది, జనాన్ని మళ్లీ అంగడికి తెచ్చింది ఆ ఐదు రూపాయలే అని నా నమ్మకం. 2023లో రిలయన్స్ వాళ్లు పాత క్యాంపా కోలాను తిరిగి తెచ్చినప్పుడు మొదట మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే దించి, అదే 200 మిల్లీలీటర్లు పది రూపాయలకు పెట్టారు. పాత పాఠమే.

వాంతులు, విరేచనాలు అయితే సెవెన్ అప్ పట్టించొచ్చా అన్న ప్రశ్నకు ఒక్క మాట: వద్దు. ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే, దాంతోపాటు ఉప్పులు ఉంటాయి. కూల్‌డ్రింకుల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు, ఉప్పు దాదాపు సున్నా. పిల్లలకైతే అసలే వద్దు. బిర్యానీ తిన్నాక ఒక త్రేన్పు కోసం తాగుతానంటే అది మీ ఇష్టం, ఆ త్రేన్పు మీరు తాగిన గ్యాసే, బిర్యానీ అరిగి వచ్చింది కాదు.

చివరగా, లిమ్కా కొనేటప్పుడు సీసాను తిప్పకుండా, కదపకుండా మెడ దగ్గర చూడండి. పాలిపోయిన వలయం కనిపిస్తే అది ఎండలో ఎక్కువ రోజులు నిలబడ్డ స్టాకు, లోపల బొట్లు విడిపోవడం మొదలైంది. ఊపితే కలిసిపోతుంది, అంగడాయన కూడా అదే చేసి ఇస్తాడు. ఊపనివ్వకుండా వెనక వరసలోంచి ఇంకొకటి ఇయ్యమని అడగండి.